బోణీ

శుక్రవారం సాయంత్రం గరాజ్ తలుపెత్తగానే
మార్లిస్ చేసిన మొదటి పని
పిచ్చుక గూడున్న మూలకి నిచ్చెన అడ్డం పెట్టడం.
"ఆ మూల అమ్మకానికి లేదు."

చర్చివాళ్ళ మడతబల్లలు నాలుగు అరువు తెచ్చాం.
ఒకదానికి కాలు పొట్టి,
పాత టెలిఫోన్ పుస్తకం కింద దోపాం.
మర్నాడు దాన్నీ ఒకాయన ఎంతకిస్తారని అడిగాడు.

"ధర లేని వస్తువుకి నోరుండదు" అంటుంది మార్లిస్.
ఇరవై ఆరేళ్ళు ఈ డకోటా మంచులో స్కూలు బస్సు తోలిన మనిషి,
పిల్లల్ని లెక్కపెట్టినట్టే సామాను లెక్కపెట్టింది,
ఒక్కోదాని నెత్తినా ఒక నారింజరంగు చీటీ.
వాఫుల్ పెనం మూడు డాలర్లు.
గడ్డకట్టిన చెరువులో చేపలు పట్టే గాలం,
దారం చిక్కుపడింది, ఒకటి.
జత పోగొట్టుకున్న ఎడమచేతి తొడుగులు, బుట్టెడు.
"ఊరికే" అని రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.
"ఊరికే అంటే అనుమానపడతారు.
పాతిక సెంట్లు రాయి, ఎగబడతారు."
రాశాను.
ఎగబడ్డారు.

ఆమె మొగుడు ఆర్విడ్ మాత్రం మాట్లాడలేదు.
ఆమె చీటీ అంటించిన చోటల్లా వెనకే నడిచి
ఒక్కో వస్తువు మీదా అరచెయ్యి ఆన్చి తీశాడు,
జ్వరం చూసినట్టు.

మలుపు దగ్గర బాణం గుర్తు అట్ట పాతింది నేనే.
రాత్రి గాలి దాన్ని తిప్పేసింది.
పొద్దున్న ఇద్దరు ముసలమ్మలు బాణాన్ని నమ్మి
శ్మశానం దాకా పోయి వచ్చారు.
"అక్కడ బేరాలేం లేవమ్మా" అన్నారు,
ఉప్పూ మిరియాల బుడ్ల జత కొంటూ.

ఎనిమిదింటికని రాస్తే ఆరున్నరకే వచ్చే జాతి ఒకటుంది.
చేతిలో టార్చి, జేబులో చిల్లర, మొహంలో ఏమీ ఉండదు.
నచ్చినదాన్ని ముట్టుకోరు.
నచ్చనిదాన్ని ఎత్తి, తిప్పి, నిట్టూర్చి
అప్పుడు ఎటో చూస్తూ, "అదెంత?"
మార్లిస్ ఏప్రన్ జేబులో డాలరు నోట్లు నలభై.
డబ్బు బల్ల మీద కాదు, ఒంటి మీద ఉండాలి.

వాళ్ళెవరికీ దక్కలేదు బోణీ.
అంతకు అరగంట ముందే, పైజమాతో, స్లిప్పర్లతో
ఆర్విడ్ వచ్చి బౌలింగ్ సంచి ముందు నిలబడ్డాడు.
లోపల నల్లటి బంతి, వేళ్ళకి మూడు కన్నాలు.
ఆ మూడు వేళ్ళలో ఒకటి కోతయంత్రం పాలై
ఎన్నేళ్ళయిందో.
చీటీ చదివాడు. ఐదు డాలర్లు.
"నాలుగు" అన్నాడు.
"ఐదు" అంది మార్లిస్, కళ్ళెత్తకుండా.
ఐదూ ఇచ్చాడు.
ఆ నోటుని నలభైలో కలపలేదామె,
చిన్నగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

పదకొండింటికి లిబాన్ అనే కుర్రాడు,
గుప్పిట్లో అరవై సెంట్లు, గ్లోబు ముందు.
నాలుగు డాలర్ల చీటీ చూసి గుప్పిట ఇంకా బిగించాడు.
"ఇందులో ఇప్పుడు లేని దేశాలు మూడున్నాయి"
మార్లిస్ గొంతు కోర్టులో మాట్లాడినట్టుంది,
"దేశానికో డాలరు తగ్గుతుంది.
హిందూ మహాసముద్రం రంగు వెలిసింది, మరో నలభై సెంట్లు."
వాడు గ్లోబు తిప్పి, తిప్పి, వేలుపెట్టి ఆపాడు.
"మొగదిషు ఉంది."
"ఉన్నందుకు ఎక్కువేం అడగనులే."

రెండింటికి లెక్క చూస్తే
రెండు వందల పద్నాలుగు డాలర్ల డెబ్బై ఐదు సెంట్లు.
మిగిలింది ట్రక్కువాడు పట్టుకుపోయాడు,
బల్లలు చర్చికి, టెలిఫోన్ పుస్తకం అడిగినాయనకి.
పందొమ్మిదేళ్ళుగా బయట మంచు తిన్న కారు
తొలిసారి గరాజ్‌లోకి వచ్చింది.
ఆర్విడ్ అంగుళం అంగుళం నడిపించాడు,
పక్క సీట్లో బౌలింగ్ సంచి, దానికి బెల్టు.

చీకటిపడ్డాక మార్లిస్ తలుపు దించుతూ
నేలకి జానెడు ఎత్తులో ఆపేసింది.
పిచ్చుక ఇంకా రాలేదు.